కదలని వేలు

మండలం నుంచి పాఠం చూడవచ్చిన ఇస్రాయేలు సారు జాహేదా టీచరుకు వీపు పెట్టి, పిల్లలకెదురుగా కూర్చున్నాడు. ఆయన కలం కదిలినప్పుడల్లా ఆమె చూపు అటే పోతోంది.

"అక్షరాల మీద వేలు పెట్టి చదువుండ్రి," అంది. మూడో తరగతి ఒక్క గొంతుతో మారుమోగింది.

పాఠం అయ్యాక జాహేదా చేతులు కట్టుకుంది. "తప్పేమన్న చేసిన్నా సార్? పైకి రాస్తరా?"

"మీ గురించి ఏం రాయలే టీచరమ్మా. చూడుండ్రి."

నోటుబుక్కు నిండా పిల్లల పేర్లే. బాలమణి పేరు కింద గీత ఉంది.

"గీ పిల్ల పాఠమంత ఒప్పజెప్పింది. వేలు మాత్రం బొమ్మ మీదనుంచి కదల్లే."

"అందరికన్న గట్టిగ చదివేది అదే సార్!"

"జర ఒక్కదాన్నే అడుగుండ్రి."

జాహేదా బాలమణికి పాఠం నడుమ ఒక మాట చూపించింది. "ఇదేంది బిడ్డా?"

బాలమణి పాఠాన్ని మొదటి నుంచి ఎత్తుకుంది, పుస్తకం కాదు, టీచరు మొహం చూస్తూ.

"ఆగు. గీ ఒక్క మాట చెప్పు."

పిల్ల వేలిని బొమ్మ మీదికి జరిపింది. చేతులు కట్టుకుంది.

"తప్పేమన్న చేసిన్నా టీచర్?"

జాహేదా ఆమె పక్కన నేల మీద కూలబడింది.

"లేదు బిడ్డా. మూడేండ్ల సంది పాఠం చెప్పుకుంట నీ వేలు నేనే చూడలే."