ఏ ఏటి ఒండ్రు?

ఆ రోజు సౌజన్య చెయ్యాల్సిన పనులు నాలుగు. ఆగిపోయిన కారును ట్రాక్టరుకు కట్టి అమలాపురం చేర్చాలి. నిన్న తప్పిపోయిన డయాలసిస్ రేపు పొద్దున్నయినా చెయ్యమని ఆసుపత్రి వాళ్ళను బతిమాలాలి. వేళ దాటకుండా అమ్మకు అన్నం పెట్టాలి. కారు అమ్మిన నాగసతీష్ చేత డబ్బు కక్కించాలి. మొదటి మూడూ అయ్యాయి. నాలుగోది ఆమె ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"ముందు కొబ్బరినీళ్ళు తాగండి మేడమ్. చల్లబడతారు," అన్నాడు నాగసతీష్.

"నీళ్ళు మీ కారు తాగిందండీ. మాకొద్దు."

అమలాపురంలో అతని పాత కార్ల షెడ్డు బయట, ట్రాక్టరు వెనకాల ఆ కారు తాడుతో కట్టి ఉంది. కొని నెల తిరగలేదు. నిన్న బోడసకుర్రు వంతెన నడిమధ్య ఉన్నట్టుండి ఇంజను ఆగిపోయింది. లైట్లు లేవు, హారను లేదు. వెనక వస్తున్న లారీ కీచుమంటూ వచ్చి జానెడు దూరంలో ఆగింది. అప్పుడు వెనక సీట్లో ఉన్నది అమ్మ వీరలక్ష్మి. రేపు కూడా డయాలసిస్ తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరు చెప్పాడు. అమ్మ బస్సు మెట్టు ఎక్కలేదు. కొబ్బరితోట అమ్మి కొన్న కారు అది. ఇంకో బండి మాట్లాడటానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

"మెకానిక్ చూసేడండీ. వరదలో మునిగిన బండంటున్నాడు. వైరింగంతా పచ్చగా తుప్పట్టేసింది."

"సముద్రం పక్క ఊళ్ళండి మనవి. ఉప్పుగాలికి గేటు గొళ్ళేలే ఊడిపోతన్నాయి. వైరెంతండీ?"

"నెలలోనే?"

"మేడమ్, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని సంతకం పెట్టేరు. డిగ్రీ చదివేరు కదా. చదవకుండానే పెట్టేసేరా?"

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి సౌజన్య. ఆ మాట సూదిలా దిగింది. అయినా గొంతు పెంచలేదు.

"లోపం దాచి అమ్మితే ఆ సంతకం మిమ్మల్ని కాపాడదండీ. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను."

"ఆయ్, తప్పకుండా వెళ్ళండి. వెళ్ళేటప్పుడు రుజువు కూడా పట్టుకెళ్ళండి. రాజమండ్రి డాక్టరుగారు నడిపిన బండండి ఇది. చినుకు పడితే బయటికి తీసేవారు కాదాయన."

షెడ్డులోని ఎర్రకారుకు బయానా ఇవ్వడానికి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టారు కృపానందంగారు పక్కనే కూర్చుని ఇదంతా వింటున్నారు. "రుజువేదైనా ఉంటే చూపించమ్మా," అన్నారు మెల్లగా.

సౌజన్య దగ్గర రుజువేమీ లేదు. మెకానిక్ కార్పెట్లు ఎత్తాడు, సీట్లు విప్పాడు. ఎక్కడా బురద మచ్చ కనబడలేదు. అంత శుభ్రంగా కడిగేశారు.

అంతవరకూ గోడ పక్క బల్ల మీద కూర్చుని వింటున్న వీరలక్ష్మి లేచింది. వాచిన పాదాలు ఈడ్చుకుంటూ వచ్చి, కొంగుముడి విప్పి, ఒక కాగితం పొట్లం తీసి నాగసతీష్ ముందు విప్పింది. గుప్పెడు మట్టి.

సౌజన్య తెల్లబోయింది. మెకానిక్ వదిలేసిన మూల ఏదో అమ్మ కంటబడిందన్నమాట!

"ఇదేం మట్టో చెప్పు బాబూ," అంది వీరలక్ష్మి.

నాగసతీష్ మొహంలో నవ్వు పోయింది. "ఎక్కడిదండీ ఇది?"

"నన్నడుగుతావేంటి? పుట్టినకాడ్నించీ లంకలో బతికినదాన్ని. నాకైతే మన గోదారి ఒండ్రులాగే ఉంది. మన లంకల్లో మునిగిన బండి మనోళ్ళకే అంటగట్టేవా ఏంటి కొంపదీసి? ఊరూరా తిరిగి అడుగుతాను."

అతని మొహం జేవురించింది. గోదారి పాయల మధ్య ఉన్న లంక ఊళ్ళ వాళ్ళే అతనికి సగం గిరాకీ.

"మాట తూలకండి పిన్నిగారూ! మన వరదలో తడిసిన బండి ముట్టనని ఒట్టేసుకున్నానండి నేను. మనోళ్ళని ముంచుతానా?"

"మరిదేంటి? గోదారోడివయ్యుండి ఒండ్రు పోల్చుకోలేవా?"

ఆ మాట అతనికి తగలరాని చోట తగిలింది. చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి, కృపానందంగారి మొహం ముందు పెట్టాడు.

"మాస్టారూ, మీరే చూడండి. గోదారి ఒండ్రు ఇలాగుంటాదా? మనది పిండిలా మెత్తగా ఉంటాదండి. ఈ జిగటేంటి, ఈ నలుపేంటి! లంక బండి కాదండి బాబూ, బెజవాడ వరదలో మునిగిన బండి ఇది! ఇదంతా ఆ బురదే..."

నోరు అక్కడే ఆగిపోయింది.

కృపానందంగారు బయానా కవరు తిరిగి జేబులో పెట్టుకున్నారు. "నేను విన్నానమ్మా. కమిషన్ ముందైనా ఇదే చెబుతాను," అన్నారు.

పొద్దు వాలకముందే డబ్బు మొత్తం సౌజన్య ఖాతాలో పడింది. రేపు పొద్దున్న ఆసుపత్రికి కారునూ డ్రైవరునూ తనే పంపుతానన్నాడు నాగసతీష్. ఈసారి మేడమ్ అనలేదు, "చెల్లెమ్మా" అన్నాడు.

బయటికొచ్చాక సౌజన్య ఆగలేకపోయింది. "కారులో ఏ మూల దొరికిందమ్మా ఆ మట్టి?" వీరలక్ష్మి నవ్వి, ఆమె చెవిలో చెప్పింది.

మీరు పాత కారు కొనడానికి వెళ్ళినప్పుడు మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి, కాగితం చదివాకే సంతకం పెట్టండి. అలాగే వీరలక్ష్మిగారిని కూడా ఒక్కసారి తలుచుకోండి. ఆ రోజు ఆవిడ ఒక్క అబద్ధమూ ఆడలేదు: ఆ మట్టి నిజంగా గోదారి ఒండ్రే, వాళ్ళ పెరట్లో పేడెరువు వేసిన బీరపాదు మొదట్లోది.