రెండు మూరల మల్లెపూలు

అద్దం మీద ఆ పిల్ల ముక్కు ఆనించిన మరక ఉంది. అరుణకుమారి చేతిరుమాలుతో దాన్ని గట్టిగా తుడిచేసింది.

అద్దం అవతల, కిటికీ పక్క ఇంక్యుబేటర్ పెట్టెలో ఆమె మనవడు. బరువు కిలో నూట పది గ్రాములు.

"రోజూ ఇక్కడేం పని నీకు?" బెంచీ మీదున్న ఆ పిల్లని అడిగింది.

"ఏం లేదమ్మా. జరసేపు కూసొని డ్యూటీకి పోత."

నాచారం ఆసుపత్రిలో ఈ బెంచీ మీద అరుణకుమారికి ఇది పంతొమ్మిదో రోజు. కూతురు ధనశ్రీ ఏడో నెలలోనే కని, పై అంతస్తులో జ్వరంతో పడి ఉంది. చుక్క పాలు లేవు. డబ్బా పాలు పడితే పిల్లవాడి పొట్ట ఉబ్బింది. ఇంకోసారి ఉబ్బితే పేగు కుళ్లిపోతుంది, తల్లిపాలు తప్ప వద్దన్నాడు డాక్టరు. అప్పట్నుంచి ఆసుపత్రి పాల బ్యాంకులోవే, ఎవరో తల్లి ఇచ్చినవే, సన్నటి గొట్టంలోంచి రెండు గంటలకోసారి.

ఎవరిచ్చారో బిడ్డ తరఫువాళ్లకి చెప్పరు. అది అక్కడి రూలు.

చెప్పకపోతేనేం, అరుణకుమారి ఊహించుకుంది. పచ్చటి మనిషి, చేతినిండా గాజులు, ఒళ్లో బొద్దుగా బిడ్డ. రోజూ ఉప్పల్లో ఇంటి దగ్గర దీపం పెట్టి, "ఆ మహాతల్లి కడుపు చల్లగా ఉండాలి" అని దణ్ణం పెట్టుకుని మరీ బయల్దేరుతుంది.

ఈ పిల్ల సంగతి వేరు. పేరు త్రివేణి. ఎండుపుల్లలా ఉంటుంది. మల్లాపూర్‌లో మాత్రలు ప్యాక్ చేసే కంపెనీ కార్డు మెడలో వేసుకుని పొద్దున్నే దిగుతుంది. ఈమె బిడ్డ ఇదే గదిలో, పుట్టిన మూడో రోజున పోయింది. అరుణకుమారికి మింగుడు పడనిది అదే. పోయాక కూడా ఇక్కడికెందుకు రావాలి?

ఆ రోజు త్రివేణి జాకెట్టు తడిసి ఉంది. గబుక్కున కొంగు లాక్కుంది.

"ఇంకా పాలొస్తున్నాయా?"

"వస్తనే ఉన్నయమ్మా. ఆగుతలేవు."

అంటూ కొంచెం నవ్వింది కూడా. అరుణకుమారికి ఒళ్లు మండింది. బిడ్డ పోయి నెల తిరగలేదు, నవ్వెలా వస్తుంది దీనికి?

ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషే. గ్రహణం ఎలా పడుతుందో బోర్డు మీద బొమ్మ గీసి, ఇంటికొచ్చి కడుపుతో ఉన్న కూతుర్ని మంచం మీద కదలనివ్వని మనిషి కూడా.

"నిన్న మావాడు ఊపిరి ఆపేశాడు. నర్సు తట్టితే గానీ తీసుకోలేదు. అప్పుడు నువ్వు ఈ అద్దం దగ్గరే ఉన్నావు."

త్రివేణి నవ్వు ఆగిపోయింది.

"ఏ బాబమ్మా?"

"కిటికీ పక్కవాడు."

"గా బాబా?" గబుక్కున అద్దం వైపు తిరిగింది. "నేనేం జేసినమ్మా?"

"చచ్చిన బిడ్డ పాలు కార్చుకుంటూ పసివాళ్ల గుమ్మంలో కూర్చుంటే అరిష్టం కాదూ?"

"పాలు గూడ అరిష్టమేనా?"

"నీ బిడ్డకే కలిసిరాని పాలు ఇంకెవరికి మేలు చేస్తాయి?"

త్రివేణి నర్సుల గది వైపు చూసి, కొంగు ఇంకా బిగించి కప్పుకుంది.

అరుణకుమారి చెడ్డది కాదు. అలాగని తనకు తనే చెప్పుకుంది. కిందికి దిగి, గేటు దగ్గర పూలమ్మి బుట్టలోంచి రెండు మూరల మల్లెపూలు తీసుకుంది. బేరం కూడా ఆడలేదు. తెచ్చి ఆ పిల్ల ఒళ్లో పడేసింది.

"రొమ్ములకి కట్టుకుని పడుకో. వాడిపోతే మళ్లీ కొత్తవి కట్టు. నాలుగు రోజుల్లో ఎండిపోతాయి. మా అమ్మమ్మ కాలం నుంచీ ఇదే మందు. ఇక ఇటు రాకు."

త్రివేణి పూలకేసి చూసింది. అద్దంలోకి చూసింది.

"నేను రాకుంటే గా బాబుకు మంచిగయితదా అమ్మా?"

"అవుతుంది."

"గట్లయితే రాను."

వెళ్లిపోయింది. పీడ విరగడైందనుకుంది అరుణకుమారి. మర్నాడు మనవడు ఇరవై గ్రాములు పెరిగాడు కూడా. తన తెలివిని తనే మెచ్చుకుంది.

ఆరో రోజు పొద్దున వాడి పొట్ట డప్పులా బిగుసుకుంది. మీద చర్మం నల్లబడింది. డాక్టరు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. బతుకుతాడని మాత్రం అనలేదు.

"ఏం పట్టారు వాడికి?"

"డబ్బా పాలు మేడం." నర్సు పద్మశ్రీ తల దించుకుంది. "మొన్నటిసంది బ్యాంకుల చుక్క లేదు. వేరే దవాఖానల అడిగినం, వాళ్లకే సాలుతలేవంట. మీ అల్లునికి జెప్పే పట్టినం."

"మరి ఆ మహాతల్లి?"

"ఇచ్చేది ఒక్కామెనే. ఆరు రోజులసంది వస్తలేదు."

"నంబరివ్వు. వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"నేను ఫోన్ జేసిన. పాలు ఎండిపోయినయంట."

"పసిబిడ్డ తల్లికి ఎలా ఎండిపోతాయి?"

పద్మశ్రీ రూలు పక్కన పెట్టింది. ఇక దాచి లాభమూ లేదు.

"బిడ్డ యాడుంది మేడం, గీ రూములనే పాయె. పొద్దున్నే వచ్చి పాలు పిండిచ్చి, గీ బెంచీ మీద కూసొని మీ బాబునే సూసేది. ఎవరికి పడుతున్నమో నేనే నోరు జారి చెప్పిన. ఇన్ని గ్రాములు పెరిగిండంటే మస్తు నవ్వేది."

అరుణకుమారి అద్దం మీద తను మరక తుడిచేసిన చోటుకేసి చూసింది.

"ఎందుకు బంద్ చేసినవే అంటే ఏడ్చింది మేడం. 'నా పాలు గా బాబుకు కీడని సదువుకున్న అమ్మ చెప్పిందక్కా, మల్లెపూలు గూడ ఆమెనే కొనిచ్చింది' అన్నది."