ఇరవై ఒక్క రోజుల పదకొండు గంటలు

"ఇరవై రోజులే తాతా! వరసగా ఇరవై ఒకటి వాన లేకుంటేనే మీ ఊరు కరువు జాబితాకు ఎక్కుతుంది."

గౌతమి కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

బెళుగుప్ప దగ్గరి పల్లె నుంచి ఆ ముసలాయన అనంతపురంలోని కరువు లెక్కల ఆఫీసుకు రావడం ఇది మూడోసారి. కళ్లద్దాల కాడ విరిగితే నల్లదారం కట్టుకున్నాడు.

జాబితాలో ఉంటేనే ఊరి పశువులకు గడ్డి వస్తుంది. ఏ ఊళ్లో ఎన్నాళ్లు వాన లేదో తేల్చే ప్రోగ్రాం రాసింది గౌతమి. మిషను చెప్పిందంటే ఇక తిరుగేముంది!

"జూలై ఒకటిన వాన, ఇరవై రెండున వాన. మధ్యలో ఇరవై రోజులు. ఇంకేం చెప్పాలి?"

"ఒకటో తేదీ వాన ముందురోజు సాయంత్రం ఆరుకే నిలిచిపోయినాది పాపా. మరుసటి పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి, ఆ తేదీ కింద రాస్తారు. ఇరవై రెండోది తెల్లారి ఐదుకు మొదలైనాది. నీ మిషను గంటలు చూడదా?"

"చూడదు. మాకు తేదీలు చాలు."

నిజమే. ఆమె ప్రోగ్రాంలో వ్యవధి అంటే ఒట్టి రోజుల సంఖ్య. గంటలకు అందులో చోటే లేదు.

"వాన పుస్తకంలో కడాకు ఉండే గడి చూడమ్మా. అంతా ఆడే ఉండాది."

"నాకు పనుంది తాతా."

"గడ్డి లేక ఎనుములు సంతకు పోతాండాయమ్మా," అని లేచి వెళ్లిపోయాడు.

ఆమె ఆయన పేరైనా అడగలేదు.

ఆ చివరి గడి మాట మాత్రం మనసులోంచి పోలేదు. వారం తర్వాత ఆ పల్లె వాన పుస్తకం ఫోటోలు తెప్పించుకుంది.

ఎవరూ కంప్యూటర్‌లోకి ఎక్కించని ఆ చివరి గడిలో ప్రతి వానకూ మొదలైన గంట, నిలిచిన గంట రాసి ఉన్నాయి. పక్కన సంతకం, శ్రీరంగప్ప అని.

గౌతమికి సిగ్గేసింది. వ్యవధిని కొత్త డేటా టైపుగా మార్చి, రోజులతో పాటు గంటలకూ నిమిషాలకూ చోటిచ్చింది. మరో వారం కూర్చుని మిగతా ఊళ్ల వాన పుస్తకాల్లోని గంటలూ ఎక్కించి, ప్రోగ్రాం మళ్లీ నడిపింది.

ఇరవై ఒక్క రోజుల పదకొండు గంటలు.

ఆ పల్లె జాబితాకెక్కింది. దాంతోపాటు మరో తొమ్మిది ఊళ్లు.

జాబితా పట్టుకుని తనే బస్సెక్కింది. ముందు శ్రీరంగప్పకు దండం పెట్టాలి, ఆ తర్వాత ముసలాయన్ని వెతికి తప్పయిందని చెప్పాలి అనుకుంది.

శ్రీరంగప్ప ఇంటి ముందు ఆయన భార్య రామాంజినమ్మ వాన కొలిచే గాజు గొట్టం తుడుస్తోంది.

"ఆయన లేరా అమ్మా?"

"పోయి పది దినాలాయ పాపా. గుండె ఆగిపోయినాది. ముప్పై ఏండ్లు ఎనిమిదిన్నర తప్పనియ్యలేదు. ఇప్పుడు నేనే చూస్తాండా."

గౌతమి జాబితా ఆమె చేతిలో పెట్టింది.

"ఆయన రాసిన గంటల వల్లే మీ ఊరికి గడ్డి వస్తోందమ్మా. ఈ ఊరి పెద్దాయన ఒకరు మా ఆఫీసుకు వచ్చేవారు. ఆయనకూ చెప్పాలి. ఇల్లెక్కడ?"

రామాంజినమ్మ గోడ వైపు చూసింది.

అక్కడ మేకుకు నల్లదారం కట్టిన కళ్లద్దాలు వేలాడుతున్నాయి.