ఎవరి వల్ల ఆలస్యం

“ఆగస్టు పదమూడున పని ఎందుకు ఆగింది?”

నంద్యాల రోడ్ల శాఖ ఆఫీసు నుంచి వెనక్కొచ్చిన ఫైలు మీద ఎర్ర ఇంకుతో ఈ ఒక్క ప్రశ్నే ఉంది. వాణి దాన్ని పొద్దుటి నుంచి ఇరవైసార్లు చదివి ఉంటుంది. ఆళ్లగడ్డ దగ్గర వాగు మీద కాంట్రాక్టరు కడుతున్న వంతెన అరవై రెండు రోజులు వెనకబడింది. కాంట్రాక్టరు తరఫున ఆలస్యాలకు కారణాలు రాసి గడువు పెంచమని అడగడం ఆమె ఉద్యోగం. వానకు ఇరవై మూడు రోజులు, కరెంటు స్తంభాలు తీయనందుకు ముప్పై, ఇసుక రానందుకు ఎనిమిది చూపించింది. అన్నీ ఒప్పుకున్నారు. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు ఫైలు ఆ మిగిలిన ఒక్కరోజు దగ్గర ఆగిపోయింది. అది కాంట్రాక్టరు తప్పు కాదని రేపు పదిగంటల్లోగా రుజువు చూపాలి. లేకపోతే గడువు పెంచరు, పని రద్దు చేస్తారు, వాణితో సహా నూటపది మంది ఇళ్లకు పోతారు.

అడ్డంకుల రిజిస్టరులో ఆ తేదీకి ఎదురుగా ‘పని ఆగింది’ అని మాత్రం ఉంది. కారణం రాయాల్సిన గడి ఖాళీ. రాసిన ఇంజనీరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. మేస్త్రీలు మారారు, కూలీలు మారారు. వాణి ఇక్కడికొచ్చి ఇరవై రోజులే. అప్పటివాళ్లలో మిగిలింది వాచ్‌మన్ మద్దిలేటి ఒక్కడే. అతన్ని లోపలికి పిలిచింది.

“మద్దిలేటన్నా, ఆ పొద్దు ఈడ ఏం జరిగింది? వానొచ్చిందా?”

వాణిది ఆత్మకూరు. ఆఫీసు ఇంగ్లీషు ఫైళ్లకే గానీ మనుషులతో ఆమెది ఇక్కడి మాటే.

“రాలేదు మేడం. ఎండ.”

“మరేందీ?”

“అంబులెన్సు ఇరుక్కునింది. పక్కన మనం ఏసిన మట్టిదారిలో గుంత తవ్వి పూడ్చకుండా ఇడిసిపెట్టినారు. చక్రం దాంట్లో దిగబడింది. అందరం నెట్టినాం. రెండు గంటలు కదల్లేదు.”

వాణి పెన్ను తీసింది. “లోపల ఎవరుండ్రి?”

“ఒకామె. చేలో కలుపు తీస్తాంటే పాము కరిసింది. నంద్యాల ఆస్పత్రికి తీసకపోతాండ్రి.”

“బతికిందా?”

“లేదు.”

అతను గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ చెప్పాడు. ఎవరో మేకను అమ్ముకున్నారని చెప్పినట్టే ఉంది ఆ గొంతు. వాణికీ పెద్దగా ఏమీ అనిపించలేదు. ఈ ఉద్యోగంలో నాలుగేళ్లు గడిచేసరికి వాన, చావు, జాతర అన్నీ ఆమెకు రోజుల లెక్కే అయిపోయాయి.

“తర్వాత?”

“ఊర్లోళ్లు వచ్చి మిషన్లు ఆపించినారు. పొద్దుమునిగేదాంకా తట్ట ముట్టుకోనీలేదు.”

“జనం అడ్డుకున్నారు. అది మన చేతుల్లో లేంది!” వాణి మొహం విప్పారింది. అంతలోనే ముడుచుకుంది. “కానీ గుంత మనదే కదా? గుంత మనదైతే ఆ రోజు గూడా మన నెత్తినే పడతాది.”

వాణి పెన్నుతో బల్ల మీద కొడుతూ మళ్లీ అడిగింది.

“ఆయమ్మను కరిసింది ఎన్నిగంటలకు?”

“పదకొండుకు.”

“బండి ఈడికొచ్చింది?”

“పన్నెండు కాల్తక్కువకు. గేటు కాడ టైము రాసింది నేనే.”

“ముక్కాలు గంట! అంటే ఇంటోళ్లే లేటు చేసినారు.”

“చేలో నుంచి రోడ్డుకు మంచం మీద మోసుకొచ్చినారు మేడం. బండి రావాల.”

“బండి కోసం కాసుకొని కూర్చోవాల్నా? బైకు మీద ఏసుకొని పోవచ్చు కదా?”

“పోవచ్చు,” అన్నాడు.

వాణికి ఆ మాట చాలు. తెల్లకాగితం తీసుకుని గబగబా రాసి, చదివి వినిపించింది. “‘పాము కరిచిన తర్వాత మేమే ఆలస్యం చేశాము. అందువల్లనే ప్రాణం పోయింది. వంతెన పని వల్ల మాకు ఏ ఆలస్యమూ జరగలేదు. ఆ రోజు కోపం కొద్దీ పని ఆపించాము.’ సరిపోయిందా?”

“సరిపోయింది మేడం.”

“అబద్ధమేం కాదు కదా?”

“ఏమో మేడం.”

ఫోను మోగింది. నంద్యాల నుంచి కాంట్రాక్టరు మేనేజరు రాజశేఖర్. “ఆ ఒక్కరోజు దొరికిందా వాణీ?”

“దొరికింది సార్. సంతకమొకటే తక్కువ. రేపు తొమ్మిదికల్లా ఫైలు మీ బల్ల మీదుంటాది.”

ఫోను పెట్టేసి మద్దిలేటి వైపు తిరిగింది. “వాళ్లది యా ఊరన్నా?”

“ఈ పక్కనే.”

“నాలుగు నెలలాయ. కోపం చల్లారింటాదిలే. పోయినామె మొగుడు ఎట్లాంటోడు? కొట్లాటకొస్తాడా?”

“రాడు మేడం. చెప్పినట్టు వింటాడు.”

“అయితే నువ్వే పోయి సంతకం పెట్టించుకొనిరా. బేగా.”

మద్దిలేటి కాగితం అందుకున్నాడు. దాన్ని బల్ల మీదే పరిచి, చొక్కా జేబులోంచి పెన్ను తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ అడుగున తన పేరు రాశాడు. వాణికి ఒళ్లు మండింది. సిమెంటు లారీ వచ్చినా, ఇనుము దిగినా సాక్షి సంతకం ఈయనదే. కాగితం కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే పోతుంది కాబోలు అనుకుంది.

“ఏందన్నా ఈ పని! సాక్షిది కాదు. పోయినామె మొగుని సంతకం కావాల.”

మద్దిలేటి పెన్నుకు మూత పెట్టాడు.

“అదే పెట్టినా మేడం.”