తాడు అవతలి కొస

తెల్లారితే భాల్కి నుంచి పాస్టరయ్య వస్తాడు. దీనా బాప్తిస్మం ఈ చెరువులోనే. మనవరాలిని థర్మోకోల్ ముక్కల మధ్య ముంచనిచ్చేది లేదని ప్రేమమ్మ పంతం పట్టింది. చెరువులో చెత్త తీయడానికి వచ్చిన వాడవాళ్లంతా చీకటి పడగానే ఇళ్లకు పోయారు. ఆమె, మరిది బర్నబా మిగిలి చెరో గట్టు నుంచి వల లాగుతున్నారు. అవతలి గట్టు కనబడదు. తాడును రెండుసార్లు కుదిపితే లాగమని గుర్తు.

ఆమె కుదిపింది. అటు నుంచి రెండు కుదుపులు వచ్చాయి. వలలో సీసాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు తప్ప కప్పల అరుపు కూడా లేదు.

"వదినా, చాయ్ తెచ్చిన."

బర్నబా ఆమె వెనకే నిలబడి ఉన్నాడు.

"నీ తాడు ఎవరికిచ్చినవ్?"

"ఎవరికియ్యలే. రాయికి కట్టొచ్చిన."

అటు నుంచి తాడును మళ్లీ రెండుసార్లు కుదిపినట్టయింది. బర్నబా చేతిలోంచి గ్లాసు జారిపడింది.

"ఇడిసిపెట్టు వదినా, పోదాం!"

ప్రేమమ్మ తాడును నడుముకు చుట్టుకుంది.

"ఎందుకు ఇడుస్త? వాడోళ్లు పోయిన్రు. గుంజెటోళ్లు ఎవరైతేంది?" చీకట్లోకి అరిచింది. "ఓ, గట్టిగ గుంజు!"

ఈసారి తాడు అవతలి గట్టుకేసి కాదు, చెరువు నడుమ లోతులోకి బిగిసింది.

ప్రేమమ్మ మడమలు బురదలో అదిమిపెట్టి, మళ్లీ రెండుసార్లు కుదిపింది.