గుమస్తా వేసిన పేరు

“ఫ్లాస్కులో నీళ్ళు ఎవరు తీశారు?”

భ్రమరాంబ కేక వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. యజ్ఞనారాయణ కాఫీ గ్లాసు పేపరు చాటున పెట్టబోయి ఆగిపోయాడు.

“అరగ్లాసే తీశాను. డికాషన్ చిక్కగా ఉందని కలుపుకున్నాను.”

“అవి మిరియాలేసి కాచిన నీళ్ళండీ!”

“అదా సంగతి. కాఫీ ఘాటుగా ఉందేమిటా అనుకుంటున్నాను.”

“రేపు స్టేజీ ఎక్కాల్సిన గొంతు నాది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో దాని విలువ తెలుసుకోలేదు మీరు. ఎలా తెలుస్తుందిలెండి, పాడినవాళ్ళ పేరే సరిగ్గా వెయ్యలేని గుమస్తాకి!”

కోడలు సంయుక్త కిసుక్కున నవ్వింది. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన కథే అది.

1964లో యజ్ఞనారాయణ మద్రాసులో ఒక రికార్డుల కంపెనీలో పనిచేసేవాడు. రికార్డు మధ్యలో ఉండే గుండ్రటి లేబుళ్ళు అచ్చువేయించడం అతని పని. భ్రమరాంబను ఊరూరా తెలిసేలా చేసిన భక్తిపాట ఆ ఏడాదే విడుదలైంది. మొదటి ముద్రణలో ఆమె పేరు లేదు. “గానం: సీతాబాయి” అని పడింది. పొరపాటు తనదేనని గుమస్తా ఒప్పుకున్నాడు. కంపెనీ వారం తిరక్కుండా సరుకు వెనక్కి రప్పించి, భ్రమరాంబ పేరుతో మళ్ళీ వేసింది. నిలదీయడానికి ఆఫీసుకొచ్చిన అమ్మాయి చివరికి ఆ గుమస్తానే పెళ్ళి చేసుకుంది.

ఈ కథ చెప్పకుండా భ్రమరాంబ ఏ సభలోనూ మైకు వదల్లేదు. “మతిలేని గుమస్తా” అన్నప్పుడు ఆమె చెయ్యి ఆయన కూర్చున్న వైపు చూపించేది. జనం తలలు తిప్పి మరీ నవ్వేవాళ్ళు. ఆ పాట పాడమని అడిగితే మాత్రం పాడేది కాదు. దేవుడికి అర్పించేశానని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేది. దానికీ చప్పట్లే.

ఆయన పదవీ విరమణ సభలోనూ ఆవిడ అదే కథ చెప్పింది. దండ మెడలో ఉండగానే తోటి ఉద్యోగులు పొట్టలు పట్టుకున్నారు. ఆ మర్నాటి నుంచే ఆయన ఆ మొదటి ముద్రణ రికార్డుల కోసం తిరగడం మొదలుపెట్టాడు.

మొదటిది దొరికినప్పుడు ఇంటికి తెచ్చాడు. భ్రమరాంబ తడిగుడ్డతో లేబుల్ ఊడదీయాలని చూసింది. రాలేదు. అది జిగురుతో అంటించింది కాదు, రికార్డుతో పాటే వేడి మీద ఒత్తింది.

“పగలగొట్టి పారెయ్యండి. ఇంకెక్కడైనా దొరికినా అంతే. నా పరువుకి సంబంధించిన విషయం” అంది.

“అలాగే” అన్నాడు. ఆ తర్వాత దొరికిన ప్రతిదీ పగలగొట్టానని చెప్పాడు.

ఇప్పుడు ఆవిడ ఎక్కబోయే స్టేజీ, రేపు జరిగే కొడుకు రవికిరణ్ కంపెనీ వార్షికోత్సవంలోది. హైటెక్ సిటీలో కొత్తగా తీసుకున్న ఆఫీసులోనే సభ. అందులో భ్రమరాంబకు సన్మానం.

ఫ్లాస్కు గొడవ సద్దుమణిగాక యజ్ఞనారాయణ చెప్పులు వేసుకుని ఆబిడ్స్ బస్సెక్కాడు. ఆదివారం అక్కడ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల పక్కనే పెంటయ్య పాత రికార్డులు పరుస్తాడు.

“జర గిది చూడు సార్. నీ కోసమే దాచిన.”

యజ్ఞనారాయణ రికార్డును ఎండకు వంచి, లేబుల్ చుట్టూ నున్నగా ఉండే చోట గీకిన అంకె చదివాడు. చివర ఒకటి. మొదటి ముద్రణే.

“ఏంది సార్, మంచియి గిన్ని ఉండంగ తప్పు పేరున్నయే ఏరుకుంటవు?”

“నేను వేయించిన పేరయ్యా. నేనే ఏరుకోవాలి.”

“అయితే ఇగ తీస్కపో. నీ సొమ్మే అది.”

అది పన్నెండోది. సభలో ముందు వరస పన్నెండు కుర్చీలని రవికిరణ్ చెప్పాడు. కుర్చీకొకటి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ పన్నెండు మంది చేతుల్లో లేబుళ్ళు చూసినప్పుడు భ్రమరాంబ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ వచ్చాడు. కొండాపూర్‌లో దిగాల్సిన స్టాపు దాటిపోయింది కూడా.

మధ్యాహ్నం నలుగురూ భోజనాలకు కూర్చున్నారు. గుత్తివంకాయ కూర వడ్డిస్తూ భ్రమరాంబ రేపటి ఉపన్యాసం వల్లెవేస్తోంది.

“అమ్మా, మా ఎం.డి. కూడా వస్తున్నారు. ఈసారికి ఆ గుమస్తా కథ వదిలెయ్యి” అన్నాడు రవికిరణ్.

“ఏం, మీ నాన్న కందిపోతారా? ఆ కథ కోసమే వస్తారు జనం.”

యజ్ఞనారాయణ మజ్జిగ పోసుకున్నాడు.

“రేపు నేనూ మాట్లాడతాను.”

“మీరా నాన్నా?”

ఆయన లేచి చెయ్యి కడుక్కుని, గదిలోంచి ఒక గోనెసంచి తెచ్చి కొడుకు పక్కన పెట్టాడు. రవికిరణ్ ఎడంచేత్తో ఒక రికార్డు పైకి తీశాడు. సీతాబాయి. ఇంకొకటి. సీతాబాయి.

భ్రమరాంబ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “పగలగొట్టానన్నారు!”

“అబద్ధం చెప్పాను. రేపు ముందు వరసలో అందరికీ పంచుతాను.”

“దానివల్ల ఏమొస్తుంది మామయ్యగారూ?” అంది సంయుక్త. “అందరికీ తెలిసిన తప్పేగా. మళ్ళీ మిమ్మల్ని చూసే నవ్వుతారు.”

భ్రమరాంబ నవ్వలేదు. “వద్దండీ. మీకు దణ్ణం పెడతాను” అంది. పెళ్ళయ్యాక ఆవిడ ఆయన్ని బతిమాలడం అదే మొదటిసారి.

యజ్ఞనారాయణ తిరిగి పీట మీద కూర్చున్నాడు. మిగిలిన మజ్జిగ తీరిగ్గా తాగాడు. కోడలి వైపు తిరిగాడు.

“మొదటిసారి నేను తప్పు వెయ్యలేదమ్మా, ఆ పాట పాడిన మనిషి పేరే వేశాను, మీ అత్తయ్య నన్ను పెళ్ళి చేసుకుంటానంటే, నేను తప్పు పేరు వేసింది రెండోసారి.”