వేషం మాట

గద చేతికి రాగానే లచ్మన్ నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

"కీచకుణ్ణి చంపింది గంధర్వులా? ఎవడన్నాడ్రా? ఈ చేతులు! ఈ చేతులతో పిసికి ముద్ద చేశాను!"

ఆదివారం మధ్యాహ్నం, సముద్రాలు దాటొచ్చిన చెరుకు తోట కూలీలు ఉండే నౌసోరి లైన్ల ముందు విరాటపర్వం ఆట. లచ్మన్‌ది భీముడి వేషం. అజ్ఞాతవాసం గనక, కీచకుణ్ణి చంపిన సంగతి పైకి పొక్కకూడదని ఒట్టు. కథలో భీముడు నోరు మూసుకునే ఉంటాడు. లచ్మన్ మూసుకుంటాడా? వేషం భీముడిది, ప్రగల్భాలు ఉత్తరకుమారుడివి. జనం పడీపడీ నవ్వారు.

ఏటా ఆ వేషం ఆట నేర్పే గురువు దొరస్వామి కట్టేవాడు. ఈసారి గొంతు పోయిందంటూ గద తెచ్చి లచ్మన్ చేతిలో పెట్టాడు.

"ఒరే లచ్మా, సంపినట్టు ఎవరికీ సెప్పకూడదురా. నీ నోరు ఆగుద్దేటి?"

"ఆగుద్ది గురూగారూ. అమ్మతోడు."

దొరస్వామి నవ్వాడు.

ఆట చూస్తూ నవ్వనివాడు కూలీల మేస్త్రీ సర్దార్ ఒక్కడే. ఉత్తరాది మనిషి, తెలుగు ముక్క రాదు. కానీ కీచకుడంటే అతనికీ తెలుసు. కూలీల మీద పెత్తనం చేసే కులంబర్ దొరకి లైన్లలో చాటుగా పెట్టుకున్న పేరది. ఆడవాళ్ళని ఒంటరిగా దూరపు చెరుకు తోటకి పంపి, వెనకాలే గుర్రమెక్కి వెళ్ళేవాడు వెధవ. కౌశల్యకి మతి చలించింది. దొరస్వామి భార్య మంగమ్మ మాటే మానేసింది. చెప్పుకోను చోటు లేదు.

పోయిన వారం ఆ కులంబర్ చెరుకు తోట కాలవలో శవమై దొరికాడు. ఎవరు నరికారో పోలీసులకి ఎవరూ చెప్పలేదు.

లచ్మన్ కీచకుడి పేరెత్తి చేతులు చూపించడం చూసిన సర్దార్ పోలీసుల దగ్గరికి పరుగెత్తాడు. వేషం విప్పకముందే లచ్మన్ చేతులకి బేడీలు పడ్డాయి.

సువా కోర్టులో దుబాసీ ఉన్నాడు, హిందుస్తానీకే. తెలుగుకి లేడు. లచ్మన్ ఓడ దిగి ఎంతో కాలం కాలేదు, హిందుస్తానీ ఇంకా పట్టుబడలేదు. తోడు వెళ్ళడానికి లైన్లలో అడిగినవాళ్ళకి సెలవు ఇవ్వలేదు. రెండు భాషలూ వచ్చిన దొరస్వామి తనంతట తానే ముందుకొస్తే, అతనొక్కడికే ఇచ్చారు. లచ్మన్ తెలుగుని అతను హిందుస్తానీలో చెప్తే, దుబాసీ ఇంగ్లీషులో జడ్జీకి చెప్పాలి.

"వాడు 'నేను' అంటే నువ్వూ 'నేను' అనే చెప్పాలి. సొంత మాటలు కలపకూడదు" అని దుబాసీ దొరస్వామితో ప్రమాణం చేయించాడు.

లచ్మన్ చేతులు జోడించాడు. "బాబూ, నానేటీ సెయ్యనేదు. అది యేసం మాట. నాకు కోతలు కొయ్యడమే వొచ్చు. కోడిని కొయ్యాలన్నా సేతులొణుకుతాయి."

పుట్టి బుద్ధెరిగాక లచ్మన్ తనని తాను తక్కువ చేసుకోవడం అదే మొదలు.

దొరస్వామి కళ్ళు తుడుచుకుంటూ హిందుస్తానీలో చెప్పాడు. జడ్జీ మళ్ళీ అడిగించాడు. మళ్ళీ చెప్పాడు.

ఉరిశిక్ష పడింది.

జైలుకి తీసుకుపోతుంటే లచ్మన్ దొరస్వామి కాళ్ళ మీద పడ్డాడు.

"నాకోసం ఎంత సెప్పినారు గురూగారూ! ఆల్లే నమ్మనేదు."

"కులంబర్‌ని నేనే చంపాను" అని దొరస్వామి ఆ రోజు కోర్టులో చెప్పింది అక్షరాలా నిజమే, కాకపోతే జడ్జీ దాన్ని లచ్మన్ మాటగా రాసుకున్నాడు.